మహమ్మారి కాలంలో ఫ్లూ నిఘా: అపోహలు - వాస్తవాలు

కొవిడ్ మొదలైన కొద్ది నెలలకే సీజనల్ ఫ్లూ దాదాపు కనుమరుగైంది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న విషయంలో చదువుకున్నవారిలోనూ, ఒక్కోసారి వైద్యుల్లోనూ కొన్ని అపోహలు ఇప్పటికీ ఉన్నాయి. జాతీయ స్థాయి ఫ్లూ నిఘాలో పనిచేసేవారికి తరచూ ఎదురయ్యేవి ఇవి.

అపోహ: ఫ్లూ ఎక్కడికీ పోలేదు, ఫ్లూ కేసులనే కొవిడ్ ఖాతాలో రాసుకున్నారు.

వాస్తవం: ఆర్టీ-పీసీఆర్ పరీక్ష జ్వరాన్నీ దగ్గునూ చూడదు, ఫలానా వైరస్‌కు మాత్రమే ప్రత్యేకమైన జన్యుభాగం నమూనాలో ఉందా లేదా అన్నదే చూస్తుంది. ఫ్లూ కోసం వెతికే భాగాలు కరోనా వైరస్‌లో ఉండవు, కరోనా కోసం వెతికేవి ఫ్లూ వైరస్‌లో ఉండవు. పైగా మహమ్మారి ముదిరిన తర్వాత చాలా ప్రయోగశాలలు ఫ్లూ వైరస్ రకాలైన ఇన్‌ఫ్లుయెంజా ఎ, బి, వాటితో పాటు కరోనా, మూడింటినీ ఒకే ట్యూబులో వేర్వేరుగా గుర్తించే కిట్లను వాడాయి కాబట్టి, ఒకదాన్ని మరొకటిగా రాయడానికి అక్కడ అవకాశమే లేదు.

ఇదే వాదనకు ఇంకొక రూపం ఉంది: ఫ్లూ పరీక్షలే చేయలేదు గనుక ఫ్లూ కనిపించలేదని. ఇందులో కొంత నిజముంది. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో సిబ్బందీ రసాయనాలూ కొవిడ్ వైపు మళ్లడంతో అనేక దేశాల్లో ఫ్లూ పరీక్షలు తగ్గాయి. అయితే పరీక్షలు చాలినన్ని జరిగిన చోట కూడా ఫ్లూ దొరకలేదు. ఆస్ట్రేలియా, చిలీ, దక్షిణాఫ్రికా దేశాల్లో 2020 ఏప్రిల్ నుంచి జులై వరకు, అంటే సరిగ్గా అక్కడి ఫ్లూ సీజన్‌లో, 83,307 నమూనాలు పరీక్షిస్తే ఫ్లూ తేలినవి 51 మాత్రమే. అంతకుముందు మూడేళ్లలో అవే నెలల్లో పాజిటివిటీ 13.7 శాతం. మాస్కులు, బడుల మూసివేత, ప్రయాణాల నిలిపివేత కరోనాను పూర్తిగా ఆపలేకపోయినా, అంతకంటే తక్కువగా వ్యాపించే ఫ్లూను అణచడానికి సరిపోయాయి. అదే కాలంలో జలుబు కలిగించే రైనోవైరస్‌లు మాత్రం చాలా చోట్ల దొరుకుతూనే ఉన్నాయి. పరీక్షల్లోనే లోపం ఉంటే అవీ దొరికేవి కావు.

అపోహ: నిఘా అంటే దేశంలోని ఫ్లూ రోగులందరినీ లెక్కపెట్టడం.

వాస్తవం: కాదు. సెంటినెల్ కేంద్రాల్లో, అంటే నిఘా కోసం ఎంపిక చేసిన ఆసుపత్రులు, క్లినిక్‌లలో, ఒకే నిర్వచనం ప్రకారం, వారం వారం, క్రమం తప్పకుండా నమూనాలు తీయడమే నిఘా. మొత్తం కేసుల సంఖ్య కంటే పరీక్షించిన వారిలో ఎంతమందికి పాజిటివ్ వచ్చిందన్న నిష్పత్తే ఇక్కడ విలువైనది.

అపోహ: ఫ్లూ లక్షణాలతో వచ్చేవారు పెరిగితే ఫ్లూ పెరిగినట్లే.

వాస్తవం: మామూలు రోజుల్లోనే ఇది సగం నిజం, మహమ్మారిలో అదీ నిలవదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం ఫ్లూ తరహా జబ్బు అంటే 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం, దగ్గు, అవి మొదలై 10 రోజులు దాటకపోవడం. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే అది తీవ్ర శ్వాసకోశ జబ్బు కిందికి వస్తుంది. ఈ చట్రంలో కొవిడ్ రోగులూ పడతారు. కాబట్టి గ్రాఫులో లేచిన కెరటం ఏ వైరస్‌దో ప్రయోగశాల మాత్రమే చెప్పగలదు.

అంతకంటే చిక్కైన సమస్య ఇంకొకటుంది. మహమ్మారిలో సెంటినెల్ కేంద్రానికి వచ్చే మనుషులే మారిపోతారు: కొందరు భయంతో రారు, కొందరు ఫోన్‌లోనే వైద్యుణ్ని సంప్రదిస్తారు, మరికొందరిని విడిగా పెట్టిన జ్వరాల క్లినిక్‌కు పంపేస్తారు. వైద్యుడిని చూసినవారి మొత్తం మారాక, అందులో ఫ్లూ లక్షణాలున్నవారి శాతాన్ని గత ఏడాది శాతంతో పోల్చడం కుదరదు. జ్వరం లేని కొవిడ్ రోగులనూ పట్టుకోవాలని నిర్వచనాన్ని విస్తరించిన కేంద్రాల్లో ఇబ్బంది ఇంకా ఎక్కువ. నా అభిప్రాయంలో దీనికి మందు ఒకటే: నిర్వచనాన్ని ఎంత విస్తరించినా, ప్రతి రోగి ఫారంలో జ్వరం ఎంత, దగ్గు ఉందా, జబ్బు ఏ రోజు మొదలైంది అన్న మూడు గడులనూ తప్పనిసరిగా నింపించాలి. అప్పుడే పాత నిర్వచనానికి సరిపోయేవారిని తర్వాత విడదీసి, మునుపటి ఏళ్లతో పోల్చవచ్చు. చెప్పడానికి చిన్న విషయమే గానీ, రద్దీగా ఉన్న ఓపీలో ముందుగా ఖాళీగా మిగిలిపోయేవి ఆ గడులే.

అపోహ: ఫ్లూ లేనప్పుడు వారం వారం సున్నా అని పంపడం కాలయాపన.

వాస్తవం: సున్నా వేరు, ఖాళీ గడి వేరు. పరీక్షించాక రాలేదని చెప్పేది సున్నా. పరీక్షించారో లేదో కూడా చెప్పనిది ఖాళీ. సున్నా వెనుక సరైన స్వాబ్ ఉందా అన్నదీ చూడాలి. అందుకే ప్రతి నమూనాలో ఆర్‌ఎన్‌ఏస్-పి అనే మానవ జన్యువును కూడా వెతుకుతారు. పరీక్ష గ్రాఫులో వైరస్ గీతతో పాటు ఈ జన్యువు గీతా లేవకపోతే అది నెగటివ్ కాదు, స్వాబ్‌కు మనిషి కణాలే అంటలేదని లేదా నమూనా పాడైందని అర్థం, మళ్లీ తీయాల్సిందే. ఇలాంటి నమ్మదగిన సున్నాలు ఏళ్ల తరబడి పేరుకున్నందునే ఇన్‌ఫ్లుయెంజా-బిలోని యమగాటా వంశానికి చెందిన వైరస్ 2020 మార్చి తర్వాత ధ్రువీకరణతో ఎక్కడా దొరకలేదని చెప్పగలిగారు. 2023 సెప్టెంబరులో దాన్ని టీకా నుంచి తొలగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించగలిగారు.

అపోహ: ఫ్లూ పాజిటివ్ అని తేలితే చాలు, ఉపరకం (హెచ్1, హెచ్3 వంటివి) తేల్చే పని మహమ్మారి తగ్గాక చూసుకోవచ్చు.

వాస్తవం: టీకాలో ఏ వైరస్‌లు ఉండాలో ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో నిర్ణయిస్తారు, ఎందుకంటే తయారీకి దాదాపు ఆరు నెలలు పడుతుంది. 1952 నుంచి నడుస్తున్న అంతర్జాతీయ ఫ్లూ నిఘా వ్యవస్థకు దేశాలు పంపే వైరస్‌లే ఆ నిర్ణయానికి ఆధారం. వైరస్‌లు అరుదుగా దొరికే ఏడాదిలో ఒక్కో పాజిటివ్ నమూనా విలువ తగ్గదు, పెరుగుతుంది. దాన్ని తిరిగి తిరిగి కరిగించి గడ్డకట్టించకుండా మైనస్ 70 డిగ్రీల్లో భద్రపరచాలి.

ఉపరకం తేల్చకపోతే వచ్చే అసలు ప్రమాదం ఇంకొకటి. ఇన్‌ఫ్లుయెంజా-ఎ పాజిటివ్ వచ్చి, మనుషుల్లో మామూలుగా తిరిగే హెచ్1, హెచ్3 రెండూ నెగటివ్ వస్తే, అది వైరస్ తక్కువగా ఉన్న బలహీనమైన నమూనా అయినా కావచ్చు, పక్షుల నుంచో పందుల నుంచో మనిషికి సోకిన కొత్త ఉపరకమైనా కావచ్చు. సీటీ విలువ (వైరస్ కనిపించడానికి పీసీఆర్‌కు పట్టిన ఆవృత్తుల సంఖ్య) తక్కువగా, అంటే వైరస్ పుష్కలంగా ఉండి కూడా ఉపరకం తేలకపోతే, ఆ నమూనాను అదే రోజు రిఫరెన్స్ ప్రయోగశాలకు పంపాలి. మనిషిలో కొత్త ఉపరకం ఫ్లూ తేలితే, ఒక్క కేసైనా సరే, 24 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేయాలని 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు చెబుతున్నాయి. వేరే మహమ్మారి నడుస్తోందన్న కారణంతో ఆ గడువుకు సడలింపు లేదు.