వానపాము కడుపులో బీటీ

తడి నేల మీద పొద్దున్నే చిన్న చిన్న మట్టి ఉండలు కుప్పలుగా కనబడతాయి. వానపాము తిని, అరిగించుకుని వదిలిన మట్టి అది. ఒక బ్యాక్టీరియా జన్యువును చేర్చిన బీటీ మొక్కజొన్న పెరిగిన మట్టిలో ఉంచిన వానపాముల ఉండల్ని పరీక్షిస్తే, పురుగుల్ని చంపే క్రై ప్రోటీన్ దొరికింది. వాటి పేగులోనూ దొరికింది. వానపాములు మాత్రం చావలేదు.

నిజానికి ఈ ప్రోటీన్ మట్టికి కొత్త చుట్టం కాదు. దాన్ని తయారుచేసే బాసిల్లస్ తురింజియెన్సిస్ (పొట్టిగా బీటీ) అనే బ్యాక్టీరియా మట్టిలోనే బతుకుతుంది. 1901లో జపాన్‌లో చచ్చిపోతున్న పట్టుపురుగుల్లో అది బయటపడింది. దాని జన్యువును పైరులో పెట్టాక మారింది మోతాదు. ఇప్పుడు మొక్క బతికినన్నాళ్లూ ఆ ప్రోటీన్ తయారవుతూనే ఉంటుంది. మొక్కజొన్న వేళ్ల నుంచి అది మట్టిలోకి ఊరుతుందని 1999లో న్యూయార్క్ యూనివర్సిటీలో గుంథర్ స్టాట్జ్కీ బృందం చూపించింది. బంకమట్టి రేణువులకు అతుక్కుంటే సూక్ష్మజీవులు దాన్ని తొందరగా తినేయలేవు. ల్యాబులో మట్టికి కలిపిన బీటీ విషం 234 రోజుల తర్వాత కూడా పురుగును చంపగలిగింది.

మరి వానపాము ఎలా బతికింది? గొంగళిపురుగు పేగులో క్షారం ఎక్కువ. అక్కడ క్రై ప్రోటీన్ పేగు గోడ మీదున్న ప్రత్యేకమైన గ్రాహకాలను, అంటే అది అతుక్కోగల చోట్లను, పట్టుకుని రంధ్రాలు పొడుస్తుంది. తాళంచెవికి సరిపోయే తాళం ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. వానపాములో ఆ తాళం లేదు. అలాగని అన్ని క్రై ప్రోటీన్లనూ ఒకే గాటన కట్టకూడదు. క్రై5బి అనేది నులిపురుగుల్ని చంపుతుంది. కాబట్టి ఏ ప్రోటీన్‌కి ఆ ప్రోటీన్‌నే విడిగా పరీక్షించాలి.

దేనితో పోలుస్తున్నామన్నది కూడా ముఖ్యమే. 42 పొలం ప్రయోగాలను కలిపి చూసిన 2007 నాటి విశ్లేషణలో, పురుగుమందు కొట్టిన మామూలు చేలకంటే బీటీ పత్తి, మొక్కజొన్న చేలల్లోనే ఇతర చిన్న జీవులు ఎక్కువగా ఉన్నాయి. మందే కొట్టని చేలతో పోలిస్తే మాత్రం కొన్ని రకాలు తగ్గాయి. ఈ రెండో వాక్యాన్ని వదిలేసి మొదటిదే చెప్పడం నాకు నచ్చదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2003లో వచ్చిన ఇంకో ప్రయోగం. బీటీ మొక్కజొన్న చెత్త తిన్న ఎదిగిన వానపాములు 160 రోజుల దాకా మామూలు చెత్త తిన్నవాటిలాగే ఉన్నాయి. 200 రోజులయ్యేసరికి వాటి బరువు 18 శాతం తగ్గింది, మామూలు చెత్త తిన్నవి 4 శాతం పెరిగాయి. కారణం బీటీయేనా, ఆ చెత్తలో ఇంకేదైనా తేడానా అన్నది ఆ ప్రయోగం తేల్చలేదు. నాలుగు వారాల్లో ముగించి ఉంటే ఈ తేడా ఎవరి కంటా పడేది కాదు.