వార్మ్‌వెల్‌లో ఉన్నది హైదరాబాద్ పేరే, హైదరాబాదీలు కాదు (అపోహలు - వాస్తవాలు)

ఏటా ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి ఆ వాట్సాప్ మెసేజ్‌కి మళ్ళీ ప్రాణం వస్తుంది. పైన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం బొమ్మ, మధ్యలో తెల్లటి సమాధి రాళ్ళు, కింద "ఇంగ్లండ్ పల్లెటూరి చర్చిలో నిద్రిస్తున్న మన హైదరాబాద్ వీరులు, తెలుగువాడివైతే షేర్ చెయ్". నేనుండేది ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని డోర్సెట్‌లో. ఆ మెసేజ్ చెప్పే వార్మ్‌వెల్ ఊరు ఇక్కడిదే. సెలవు రోజుల్లో చుట్టుపక్కల చర్చిల్లో ఉన్న యుద్ధ సమాధులు చూసి, రాళ్ళు కడిగి, పగుళ్ళు కనిపిస్తే ఫొటో తీసి, ఆ సమాధుల్ని చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్‌కి పంపే వాలంటీర్ని. అంచేత ఆ మెసేజ్ ఊరంతా తిరిగి చివరికి నా దగ్గరికే వస్తుంది. దాని వెనకాలే ఫోన్లు.

అపోహ: వార్మ్‌వెల్ చర్చిలో హైదరాబాదీ పైలట్లు ఉన్నారు. స్క్వాడ్రన్ (యుద్ధవిమానాల దళం) పేరే హైదరాబాద్ కదా!

స్క్వాడ్రన్ పేరు హైదరాబాదే. మనుషులు మాత్రం కారు. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం ఫోన్లు ఆగిపోతాయి.

1918లో బ్రిటన్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కి డీహెచ్ 9ఏ బాంబర్ విమానాలు కొనిచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఒక్కో విమానం మీదా ఆయన ఇచ్చిన కానుక అని రాయించారు. అప్పట్నుంచీ అది 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్. రెండో ప్రపంచయుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకు కూడా హైదరాబాద్ పేరు తగిలించారు. 152 వాళ్ళ చిహ్నంలో ఉన్నది సాక్షాత్తూ నిజాం తలపాగా. డబ్బు ఇచ్చినవాళ్ళ పేరు పెట్టడం అప్పటి రాయల్ ఎయిర్‌ఫోర్స్ పద్ధతి, అంతే. 234వ స్క్వాడ్రన్‌కి మద్రాస్ ప్రెసిడెన్సీ పేరుంది. అది కూడా 1941లో కొన్నాళ్ళు వార్మ్‌వెల్ నుంచే ఎగిరింది. "ఆంధ్రా వాళ్ళూ ఉన్నారట" అనే రెండో రకం మెసేజ్‌కి మూలం అదే అయ్యుండాలి. గుడి మండపం మీద దాత పేరు చెక్కించినంత మాత్రాన లోపల పూజారి ఆ దాత కొడుకైపోడు కదా.

152 వాళ్ళు 1940 జూలై 12న వార్మ్‌వెల్ విమానాశ్రయానికి వచ్చారు. పోర్ట్‌లాండ్ నౌకాస్థావరాన్ని జర్మన్ బాంబర్ల నుంచి కాపాడటం వాళ్ళ పని. పైలట్లు ఎక్కువమంది బ్రిటన్ కుర్రాళ్ళు, కొందరు ఆస్ట్రేలియా నుంచి వచ్చినవాళ్ళు. చాలామందికి పాతికేళ్ళు కూడా లేవు. వాళ్ళలో చనిపోయినవాళ్ళందరూ కూడా ఈ హోలీ ట్రినిటీ చర్చిలో లేరు. కొందరు సముద్రంలో పడ్డారు, శవం దొరకలేదు. వాళ్ళ పేర్లు లండన్ దగ్గర రన్నీమీడ్ స్మారకం మీద, అలాగే సమాధి లేని ఇరవై వేల పైచిలుకు వైమానికుల పేర్లతో పాటు ఉన్నాయి. కొందరిని ఇంటివాళ్ళు సొంతూరికి తీసుకెళ్ళి పూడ్చుకున్నారు. మిగిలిన కొద్దిమందీ, ఈ విమానాశ్రయంలోనే పనిచేసిన వేరే యూనిట్ల వాళ్ళూ కలిసి ఇక్కడి సమాధుల తోటలో ఒక చిన్న వరస. ఆ వరసలో నేను కడిగిన రాళ్ళలో ఒక్కటి కూడా మనవాళ్ళది కాదు.

మరి ఈ హైదరాబాద్ స్క్వాడ్రన్లలో భారతీయులెవరూ లేరా అంటే, ఉన్నారు. మహీందర్ సింగ్ పుజ్జీ 1941లో 253లో హరికేన్ యుద్ధవిమానం నడిపారు. ఆయన సిమ్లాకి చెందిన సిక్కు. యుద్ధంలో బతికి బయటపడి 2010లో పోయారు, గ్రేవ్జెండ్‌లో విగ్రహం కూడా ఉంది. ఆయన ఫొటో పెట్టి "వార్మ్‌వెల్‌లో సమాధి" అని రాసిన మెసేజ్ కూడా చూశాను. ఏం చెప్పమంటారు!

గర్వపడాలనుకుంటే పడండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే నిజాం ఖజానాకి ఆ డబ్బు ఎవరి పొలాల నుంచి వచ్చిందో కూడా ఒకసారి తలుచుకోండి. ఆ రైతుల పేరు ఏ విమానం మీదా రాయలేదు.

"సరదా మెసేజే కదా, ఎవరికేం నష్టం?" అంటారు కొందరు. నష్టం ఎవరికో చెప్తాను.

ఈమధ్య ఒక పెద్దాయన వచ్చారు. పశ్చిమ గోదావరి వాళ్ళు, రిటైరైన బడిపంతులు. సౌతాంప్టన్‌లో కూతురి దగ్గరికి వచ్చారు. తండ్రి యుద్ధానికి వెళ్ళేటప్పటికి ఈయన తల్లి కడుపులో ఉన్నారు. "విమానాల దగ్గర పని" అని ఇంట్లో చెప్పుకునేవారట. అంతకుమించి ఏమీ తెలియదు. ఈ మెసేజ్ చూసి ఆశపడి ఎవరినో అడిగితే, వాడు వేలకు వేలు పుచ్చుకుని మసకమసకగా ఉన్న సమాధి ఫొటో ఒకటి, లామినేషన్ చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. వాటితో పాటు తర్పణానికి నువ్వులు, దర్భలు కట్టుకుని వచ్చారాయన.

ఫొటోలోని రాయి దగ్గరికి తీసుకెళ్ళాను. ఎలా చెప్పాలో తెలియక "మాస్టారూ, పేరు చదవండి" అన్నాను.

"చదివాను బాబూ. రైల్లోనే అనుమానం వచ్చింది. అమ్మాయి టికెట్లు కొనేసింది గదా అని ఊరుకున్నా" అన్నారు.

కారులో కూర్చుని కమిషన్ వెబ్‌సైట్‌లో వెతికాం. అదృష్టం కొద్దీ వాళ్ళమ్మగారి పెన్షన్ కాగితం జిరాక్సు ఉంది, దాని మీద తండ్రి సర్వీసు నంబరు ఉంది. ఆయన ఇండియన్ పయనీర్ కోర్. అస్సాంలో విమానాశ్రయాలకి నేల చదును చేసిన కూలీ సిపాయిల్లో ఒకరు. "విమానాల దగ్గర పని" అంటే అదన్నమాట. పేరు బర్మాలో, టౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం మీద ఉంది. తండ్రి పేరు స్క్రీన్ మీద కనపడగానే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "స్పెల్లింగ్ తప్పుగా రాశారు" అన్నారు. పంతులుగారు కదా!

తరవాత "మరి ఈ నువ్వులు?" అని అడిగారు. పక్క ఊరు మోర్టన్ దగ్గర ఫ్రోమ్ ఏరు లోతు లేకుండా పారుతుంది. అక్కడికి తీసుకెళ్ళాను, కూతురు గొడుగు పట్టుకుంది, ఆయన తర్పణం వదిలారు.

కాబట్టి, మీ ఇంట్లో అలా వెళ్ళి తిరిగిరాని వాళ్ళుంటే స్క్వాడ్రన్ పేరు పట్టుకుని తిరగకండి. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళలో ఈ కథలు ఇంటికొకటి ఉంటాయి. కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకడానికి పైసా అక్కర్లేదు, ఏజెంటూ అక్కర్లేదు. సర్వీసు నంబరు ఉంటే అదే బంగారం. లేకపోతే పేరు, తండ్రి పేరు, ఊరు. ఇంటిపేరుతో వెతికితే చాలాసార్లు దొరకదు, గుమాస్తా అది రాసుకునే ఉండడు. అప్పారావుని నాలుగు రకాలుగా రాసి చూడండి. అవిభక్త భారత సైన్యంలో చనిపోయినవాళ్ళలో పాతికవేల పైచిలుకు పేర్లు ఢిల్లీ, కరాచీ స్మారకాల కింద ఉన్నాయి. తూర్పు ఆసియా ఆకాశంలో గల్లంతైన వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం మీద ఉంటాయి. ఇంగ్లండ్ పల్లె చర్చిలో మన మనిషి ఉండే అవకాశం అన్నిటికంటే తక్కువ. సమాధి లేదంటే మనిషిని మరిచిపోయారని కాదు, చాలావరకు పేరు ఎక్కడో ఒకచోట చెక్కో, రాసో ఉంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: సమాధి నంబరు చూపిస్తే బ్రిటన్ పరిహారం ఇస్తుంది. కమిషన్ డబ్బు పంచే ఆఫీసు కాదు. సమాధులు, స్మారకాలు, వాటి రికార్డులు చూసుకోవడమే దాని పని. ఫీజు అడిగినవాడికి దణ్ణం పెట్టి పంపించేయండి.

అపోహ: అవశేషాలు ఇంటికి తెచ్చుకోవచ్చు. కుదరదు. పరాయి దేశంలో చనిపోయినవాళ్ళకి మొదటి యుద్ధంలో పెట్టిన నియమం అది (సొంతూరికి తీసుకెళ్ళిన ఆ పైలట్లు చనిపోయింది బ్రిటన్‌లోనే). జనరల్ కొడుకైనా, కూలీ కొడుకైనా ఒకటే.

అపోహ: ఆఫీసర్లకి పెద్ద రాయి. అందరికీ ఒకే కొలత, 81 సెంటీమీటర్ల ఎత్తు, 38 వెడల్పు. రెండు మూడు రాళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే అది హోదా కాదు. ఒకే విమానంలో కలిసి చనిపోయినవాళ్ళని విడదీయలేక పక్కపక్కన పెట్టడం.

అపోహ: రాయి నల్లబడితే నిమ్మకాయ, వెనిగర్ పెట్టి తోమితే పుణ్యం. ఇక్కడి రాళ్ళు చాలావరకు పోర్ట్‌లాండ్ సున్నపురాయి. ఈ కుర్రాళ్ళు కాపాడిన ఆ పోర్ట్‌లాండ్ క్వారీలదే. పులుపు తగిలితే సున్నపురాయి కరుగుతుంది, అక్షరాల అంచులు పోతాయి. ఇనప బ్రష్షు, బ్లీచింగు, ప్రెషర్ వాషర్ అసలే వద్దు. మాకు ఇచ్చేది మెత్తటి బ్రష్షు, మంచినీళ్ళు. అంతే. నాచు కనిపిస్తే కనిపించనివ్వండి, నాకు చెప్పండి.

పసుపు, కుంకుమ రాయికి పూయకండి. భక్తి మీదే, మరక వదిలించే పని మాది. ఆ రాయి పీల్చుకున్న పసుపు నీళ్ళకి పోదు. నూనె దీపం కూడా అంతే. పూలు పెట్టాలనిపిస్తే రాయి ముందు గడ్డి మీద పెట్టండి, ప్లాస్టిక్ కవరు మాత్రం విప్పేసి జేబులో పెట్టుకెళ్ళండి. ఆదివారం పొద్దున ప్రార్థన జరుగుతుంటుంది, ఆ టైములో రావద్దు.