మదుముకు కట్టిన తడిక

శ్రీకాకుళం,
సిరిమాను వెళ్ళిన వారం

చిరంజీవులు బుజ్జమ్మకూ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. మీ మామయ్య సిరిమానోత్సవంలో తీసిన ఫొటోలు పెన్‌డ్రైవులో వేసి ఇచ్చాడనీ, మీ నాన్న మొన్న కొన్న పాత డెస్క్‌టాప్‌కు దాన్ని తగిలిస్తే తెర మీద ఏమీ కనిపించలేదనీ, అదే రంధ్రంలో మౌస్ తగిలిస్తే మాత్రం చక్కగా పనిచేసిందనీ రాశారు. "రంధ్రం పాడైతే మౌస్ ఎలా పనిచేస్తుంది, పాడవకపోతే పెన్‌డ్రైవ్ ఎందుకు పనిచేయదు?" అని చిన్నోడు అడిగిన ప్రశ్నలోనే సగం జవాబు ఉంది.

మన ఊరి చెరువు మదుము, అదే పొలాలకు నీరు వదిలే తూము, మీకు గుర్తుందా? చెరువులో చేపలు బాగా పెరిగిన రోజుల్లో మదుము నోటికి ఒక వెదురు తడిక అడ్డం కడతారు. నీరు తడిక సందుల్లోంచి పొలాలకు పారుతూనే ఉంటుంది, చేప మాత్రం బయటికి పోలేదు. మీ కంప్యూటర్‌లో మౌస్ నీరు, పెన్‌డ్రైవ్ చేప. మదుము బాగానే ఉంది, ఎవరో తడిక కట్టారు. అది ఇంతకు ముందు ఏదో కార్యాలయంలో పనిచేసిన యంత్రమని మీ నాన్న చెప్పాడు కదా. పెన్‌డ్రైవుల ద్వారా వైరస్‌లు లోపలికి వస్తాయనీ, కాగితాలు బయటికి పోతాయనీ చాలా కార్యాలయాల్లో ఇలా కట్టేస్తారు.

నాకు పదేళ్ళప్పుడు ఒక శ్రావణమాసంలో మా నారుమడి ఎండిపోతుంటే, మదుము ఊరికే మూసి ఉంచారనుకుని, నేనూ నా స్నేహితుడూ రాత్రివేళ వెళ్ళి దాని కొయ్య బిరడా లాగేశాం. తెల్లవారేసరికి దిగువ రైతు మడంతా నీటిలో ఉంది. కాలువకు గండి పడిందని, పూడ్చేదాకా నీరు వదలవద్దని పెద్దలు మూయించారట. మా నాన్న నన్ను కొట్టలేదు. చేతికి గంప ఇచ్చాడు. మధ్యాహ్నం దాకా ఆ గండికి మట్టి మోశాను. అందుకే చెబుతున్నాను, బడిలోని కంప్యూటర్‌కు ఇలాంటి తడిక కనిపిస్తే మీరు ముట్టుకోకండి, మాస్టారిని అడగండి. ఇది మీ ఇంటిది కనుక విప్పుకోవచ్చు, అది కూడా మీ నాన్న పక్కన కూర్చున్నప్పుడే.

ముందుగా ఆ పెన్‌డ్రైవును మరో కంప్యూటర్‌లో పెట్టి చూడండి, చేపే చచ్చిపోయి ఉంటే తడికను తిట్టి లాభం లేదు. తరువాత స్టార్ట్ బొమ్మ మీద మౌస్ కుడి మీట నొక్కి పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచి, యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ (ఈ యూఎస్‌బీ రంధ్రాలను నడిపేవి) అన్న వరుసలో దేని మీదైనా కిందికి చూసే చిన్న బాణం గుర్తు ఉందేమో వెతకండి. ఉంటే దాన్ని ఎవరో ఆపేశారన్నమాట. దాని మీద మళ్ళీ కుడి మీట నొక్కి ఎనేబుల్ అనాలి. అక్కడే డిసేబుల్ అన్న మాట కూడా కనిపిస్తుంది, దాని జోలికి పోకండి. మౌసూ కీబోర్డూ రెండూ ఆ దారినే నడుస్తాయి కనుక, పొరపాటున ఆ దారినే మూసేస్తే మళ్ళీ తెరవమని చెప్పడానికి మీ చేతిలో ఏమీ మిగలదు.

విండోస్ కంటే ముందే మేలుకునే బయోస్ అని ఇంకా లోతున ఒక మదుము ఉంది. కంప్యూటర్ వెలుగుతున్నప్పుడే డిలీట్ గాని ఎఫ్2 గాని నొక్కితే అది తెరుచుకుంటుంది, కొన్ని యంత్రాల్లో యూఎస్‌బీ రంధ్రాలను అక్కడే మూసేస్తారు. మీ మౌస్ ఆ రంధ్రంలోనే నడుస్తోంది కనుక మీకు అంత లోతుకు దిగే పని లేదు.

నా అనుమానమంతా రిజిస్ట్రీ మీదే, అంటే విండోస్ తన అమరికలన్నీ రాసిపెట్టుకునే చిట్టా మీదే. ఈ పని మీ నాన్నది. రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్ అని ఒకదాని లోపల ఒకటిగా వెళ్తే యూఎస్‌బీస్టార్ అన్న చోటు వస్తుంది. అందులో స్టార్ట్ అన్న దానికి ఎదురుగా 4 ఉంటే తడిక కట్టి ఉన్నట్టు, 3 ఉంటే విప్పినట్టు. ముందు ఆ భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని, 4ను 3గా మార్చి, యంత్రాన్ని ఆపి మళ్ళీ వెలిగించమనండి. ఇన్ని ఫొటోలను ఆపిందల్లా ఆ ఒక్క అంకె!

ఇక్కడితో నా మదుము పోలిక చెల్లదని ఒప్పుకోవాలి. మదుములో నీరు ఒకవైపే పారుతుంది, ఈ రంధ్రంలో మాట ఇటూ అటూ నడుస్తుంది, పైగా 5 వోల్టుల కరెంటు కూడా అందుతుంది. మా ఆఫీసులో తొలినాళ్ళ కంప్యూటర్లకు కీబోర్డుకు ఒక రకం రంధ్రం, ప్రింటరుకు అరచేతి వెడల్పున మరలు బిగించే మరో రకం రంధ్రం ఉండేవి. వడోదరలో చదువుకుని అమెరికా వెళ్ళిన అజయ్ భట్ అనే ఇంజినీరు ఇంటెల్ సంస్థలో తోటివారితో కలిసి చేసిన కృషి వల్ల 1996లో యూఎస్‌బీ అనే ఈ ఉమ్మడి పద్ధతి వచ్చింది. అంతకు మించి నేను వివరించలేను గాని, ఒకటి మాత్రం మీరు మీ కళ్ళతోనే చూడవచ్చు.

రేపు పొద్దున్న పెన్‌డ్రైవును ఎండలోకి తీసుకెళ్ళి దాని నోటిలోకి చూడండి. నాలుగు బంగారు రంగు పట్టీలు కనిపిస్తాయి. వాటిలో రెండు అంచు వైపు కాస్త ముందుకు వచ్చి ఉంటాయి. కరెంటు మోసేవి ఆ రెండే. మాట మోసే రెండూ వాటి వెనక తగులుతాయి. ముందుకు వచ్చినవి చివరలవో నడిమివో చూసి, బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాతయ్య