జాన్ హెన్రీ పక్కన కూర్చున్న మనిషి

పిల్లలూ, మీకందరికీ నా ఆశీస్సులు.

అమెరికా జానపద వీరుల్లో జాన్ హెన్రీ కథ మీరు చదివే ఉంటారు. సమ్మెటతో బండ తొలిచే నల్లజాతి కూలీ. ఆవిరి డ్రిల్లుతో పందెం కాసి గెలిచాడు, గెలిచిన చోటే కుప్పకూలి ప్రాణం విడిచాడు. పిల్లల పుస్తకాలు చాలావరకు ఇంతే చెబుతాయి. ఆ పని ఎలా చేసేవారో తెలియకపోతే పందెం ఎంత పెద్దదో అంతుపట్టదు. అందుకే రాస్తున్నాను.

1865లో అంతర్యుద్ధం ముగిసింది, బానిసత్వం రద్దయింది. ఆ తర్వాత ఎందరో నల్లవారు కూలి కోసం రైలుమార్గాల పనుల్లో చేరారు. వెస్ట్ వర్జీనియాలో టాల్కాట్ అనే ఊరి దగ్గర గ్రీన్‌బ్రయర్ నది కొండను చుట్టుకుని పెద్ద వంపు తిరుగుతుంది. చెసపీక్ అండ్ ఓహియో రైల్వే ఆ వంపు వెంట పోకుండా 1870లో కొండనే తొలవడం మొదలుపెట్టింది. అదే బిగ్ బెండ్ సొరంగం. పొడవు మైలుకు పైనే.

బండను పేల్చాలంటే ముందు అందులో లోతైన బెజ్జాలు పడాలి. ఈ పనికి కనీసం ఇద్దరుండాలి. ఒకరు ఉక్కు కడ్డీని బండకు ఆనించి రెండు చేతులా పట్టుకుంటారు. ఈయన్ని షేకర్ అంటారు. రెండో మనిషి సమ్మెటతో కడ్డీ తల మీద కొడతాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య షేకర్ కడ్డీని కాస్త తిప్పాలి, కొద్దిగా కదిలించి అడుగున చేరిన రాతిపొడిని వదులు చేయాలి. తిప్పకపోతే మొన ఒకే గాట్లో దిగి బిగుసుకుపోతుంది, బెజ్జం గుండ్రంగా రాదు. పొడి పేరుకుంటే దెబ్బ బండకు తగలదు, పొడినే దంచుతున్నట్టవుతుంది. మొదట పొట్టి కడ్డీ వాడతారు. లోతు పెరిగేకొద్దీ ఇంకా పొడవైనవి తీసుకుంటారు. ఒక్కోదాని మొన ముందుదానికంటే కొంచెం సన్నగా ఉండాలి, లేకపోతే కిందికి దిగదు. మొన మొద్దుబారిన కడ్డీలు కమ్మరి కొలిమికి వెళ్లి, పదునై తిరిగొస్తాయి. బెజ్జం తయారయ్యాక మందు కూరి పేలుస్తారు, రాళ్లు ఎత్తిపోస్తారు, మళ్లీ మొదటికొస్తారు.

ఇదంతా సొరంగం లోపల, మసక దీపాల వెలుగులో. సమ్మెట ఒక్క బెత్తెడు పక్కకు పడితే షేకర్ చెయ్యి నుజ్జయిపోతుంది. అందుకే పాట. బరువు లాగేటప్పుడు మనవాళ్లు ‘ఐలేసా’ అన్నట్టే, వాళ్లూ దెబ్బ పడే చోట ఊపిరి గట్టిగా వదులుతూ పాడేవారు. తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో షేకర్‌కు ఆ లయే చెబుతుంది. జాన్ హెన్రీ పాటల్లో కొన్నింటిలో అతను తన షేకర్‌తో, నా గురి తప్పితే రేపు నిన్ను పాతిపెడతారు, దేవుణ్ణి తలుచుకో అంటాడు. కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. ఆ పందెంలో గెలిచింది ఇద్దరు. బొమ్మల్లో మాత్రం ఒక్కడే కనిపిస్తాడు.

పందెం లెక్క పాటను బట్టి మారుతుంది. ఎక్కువగా వినిపించేది జాన్ హెన్రీ 14 అడుగులు, యంత్రం 9 అడుగులు. యంత్రం ఓడిపోవడం నమ్మశక్యం కాని సంగతేమీ కాదు. ఆనాటి ఆవిరి డ్రిల్లులు తరచూ చెడిపోయేవి, మెత్తటి రాతిలో బెజ్జం పొడితో పూడి మొన ఇరుక్కునేది.

ఇది నిజంగా జరిగిందా అని అడుగుతారు కదూ? పరిశోధకులకే ఏకాభిప్రాయం లేదు. 1920లలో వెతికినవాళ్లు బిగ్ బెండ్ వైపు మొగ్గారు. అలబామాలో 1887లో జరిగిందనేవాళ్లూ ఉన్నారు. చరిత్రకారుడు స్కాట్ నెల్సన్ వర్జీనియా జైలు రికార్డుల్లో జాన్ విలియం హెన్రీ అనే యువ ఖైదీని గుర్తించాడు. జైలువాళ్లు అతన్ని రైల్వే పనికి కూలీగా పంపారు. ఎత్తు 5 అడుగుల చిల్లర, అంతే. పందెం జరిగింది అదే రైలుమార్గంలో వర్జీనియాలో ఉన్న లూయిస్ సొరంగం దగ్గరని, అక్కడి కూలీలను చంపింది ఊపిరితిత్తుల్లో చేరిన రాతిధూళి అని నెల్సన్ వాదన. నిజంగా ఆ మనిషి ఇతనేనా అన్నది తేలకపోయినా, రాతిధూళి ప్రాణాలు తీయడం మాత్రం నిజం.

అమెరికాలోనే మరో జానపద వీరుడు, అడవిలో చెట్లు నరికే భారీ మనిషి పాల్ బన్యన్. ఆయన కథల సంగతి వేరు. అడవి కూలీలు చెప్పుకున్న వాటిని 1914 నుంచి ఒక కలప కంపెనీ ప్రకటనల కోసం బాగా పెంచి అచ్చేసింది. జాన్ హెన్రీని పెంచింది పని చేసినవాళ్ల గొంతులే.

మీరు ఈ కథ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేటప్పుడు ఒకరు సమ్మెట పట్టండి, ఒకరు కడ్డీ పట్టండి. బల్ల మీద తట్టుతూ లయ తప్పకుండా చెప్పండి, మధ్యమధ్య కడ్డీ తిప్పడం మరవకండి. పందెం దగ్గరకొచ్చేసరికి లయ వేగం పెంచండి, కడ్డీ పట్టినవాడి పని ఎంత కష్టమో అప్పుడు వాడికే తెలుస్తుంది. యంత్రాన్ని రాక్షసిగా చూపించకండి. ఇంకొక మాట. చాలా పాటల్లో జాన్ హెన్రీ జబ్బుపడిన రోజున అతని భార్య పాలీ ఆన్ సమ్మెట అందుకుని మగవాళ్లతో సమానంగా కొడుతుంది. పొట్టి పుస్తకాల్లో ముందుగా ఎగిరిపోయే చరణం అదే. మీరు దాన్ని వదలకండి.

ఇట్లు,
మీ తాతయ్య