గూగుల్ లేని ఫోన్: నా దగ్గరికి వచ్చే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

ఫోన్లలో కంపెనీ వేసిచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేసి లినేజ్ ఓఎస్, గ్రాఫీన్ ఓఎస్ లాంటివి, అంటే ఆండ్రాయిడ్ కోడ్ మీదే ఇతరులు తయారుచేసిన సిస్టమ్‌లు, ఎక్కించడం తొమ్మిదేళ్లుగా నా పని. కొందరు భయపడుతూ వస్తారు, కొందరు అతి నమ్మకంతో వస్తారు. భయం పోగొట్టడం తేలిక, ఒక గంట పక్కన కూర్చుంటే చాలు. ఎక్కువ నష్టం చేసేది అతి నమ్మకమే. అందుకే కింద అలాంటి అపోహలకే ఎక్కువ చోటిచ్చాను.

అపోహ: ఆండ్రాయిడే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉన్నది) కదా, ఇంకా మారేదేముంది?

పునాది వరకు నిజమే. ఏఓఎస్‌పీ పేరుతో దాని సోర్స్ కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు. అడుగునుండి హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ కెర్నల్ కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. కానీ మీ చేతిలో ఉన్నది పునాది ఒక్కటే కాదు. నోటిఫికేషన్ మోసుకొచ్చేది, మీరెక్కడున్నారో చప్పున తేల్చేది, ఈ ఫోన్‌ను నమ్మొచ్చా లేదా అని యాప్‌లకు చెప్పేది, అన్నీ గూగుల్ ప్లే సర్వీసెస్ అనే ఒకే ఒక్క ప్రోగ్రాములో ఉంటాయి. దాని కోడ్ మనకు కనిపించదు. మామూలు యాప్‌లకు దొరకని అనుమతులు దానికి పుట్టుకతోనే ఉంటాయి. ఆ పైన ఫోన్ తయారుచేసిన కంపెనీ తన యాప్‌లను పేరుస్తుంది. కాబట్టి వదలాల్సింది ఆండ్రాయిడ్‌ను కాదు, దాని మీద పేర్చిన ఈ పొరలను.

అపోహ: కస్టమ్ రోమ్ (కంపెనీది కాని ఇలాంటి సిస్టమ్) వేస్తే గూగుల్‌తో బంధం తెగిపోయినట్టే.

నేను అన్నిటికంటే ఎక్కువగా వినేది ఇదే. 2021లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీకి చెందిన డగ్లస్ లీత్, ఎడిన్‌బరా విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి ఒక పని చేశారు. సామ్‌సంగ్, షావోమీ, హువావే, రియల్‌మీ ఫోన్లతో పాటు లినేజ్ ఓఎస్, గూగుల్‌ను తప్పించి తయారుచేసిన ఇ-ఓఎస్ ఉన్న ఫోన్లు కూడా పెట్టుకుని, ఏది ఎవరికి ఏం పంపుతోందో కొలిచారు. లినేజ్ ఓఎస్ తయారీదారులు సొంతంగా ఏదీ సేకరిస్తున్నట్టు కనిపించలేదు. గూగుల్‌కు వెళ్లే డేటా మాత్రం మిగతా ఫోన్ల స్థాయిలోనే ఉంది. కారణం చిన్నదే: ఆ ఫోన్‌లో లినేజ్ మీద మళ్లీ గూగుల్ యాప్‌ల ప్యాకేజీ వేసి ఉంది. ఇ-ఓఎస్ నుంచి మాత్రం దాదాపు ఏమీ బయటకు పోలేదు.

రోమ్ ఎక్కించిన రాత్రే, "ప్లే స్టోర్ లేకపోతే ఎలా" అని ఆ ప్యాకేజీ వేసుకున్నవాళ్లు ఎందరో నాకు తెలుసు. శ్రమంతా పడ్డాక తలుపు మళ్లీ తెరిచిపెట్టినట్టే.

ఇక్కడ మూడు దారులున్నాయి. మొదటిది, గూగుల్ సేవలు అసలే లేకుండా ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల దుకాణంలో దొరికేవాటితో బతకడం. రెండోది మైక్రోజీ: ప్లే సర్వీసెస్ చేసే పనుల్లో కొన్నిటిని ఓపెన్ సోర్స్ కోడ్‌తో చేస్తుంది. అయితే పుష్ నోటిఫికేషన్లు కావాలనుకుంటే అవి అప్పుడు కూడా గూగుల్ సర్వర్ మీదుగానే వస్తాయి. మూడోది గ్రాఫీన్ ఓఎస్ పద్ధతి: అసలు ప్లే సర్వీసెస్‌నే, ప్రత్యేక అధికారాలన్నీ ఊడదీసి, మామూలు యాప్‌లాగా ఒక గదిలో ఉంచుతుంది. ఏ అనుమతి ఇవ్వాలో మీరే తేల్చుకుంటారు. రోజూ పనికొచ్చే ఫోన్ కావాలనేవారికి నేను మూడోదే చెబుతాను. మొదటి దారి నాకు ఇష్టమైనది, కానీ మొదటి రోజే ఎవరినీ అందులోకి నెట్టను.

అపోహ: కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి అందులో మోసం ఉండదు.

కనిపించడం వేరు, ఎవరో ఒకరు చూడడం వేరు. వెబ్‌సైట్లతో మన మాటలను రహస్యంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని హార్ట్‌బ్లీడ్ లోపం 2012లో విడుదలైన కోడ్‌లో చేరి 2014 దాకా ఎవరి కంటా పడలేదు.

ఎక్స్‌జెడ్ సంగతి ఇంకా ముఖ్యం. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, తన కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి భద్రంగా ప్రవేశించే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ పోయాడు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టారని తేలింది. ఆ వ్యక్తి రెండేళ్లకు పైగా ఓపిగ్గా సాయపడుతూ, అలసిపోయిన నిర్వాహకుడి నమ్మకం సంపాదించి ఆ పని చేశాడు. దొంగదారిని మేల్కొలిపే ముక్క అందరూ చదివే గిట్ (కోడ్ మార్పులన్నీ నమోదయ్యే చోటు) కోడ్‌లో లేదు, విడుదల చేసిన ఫైళ్ల మూటలో మాత్రమే ఉంది. ఎఫ్-డ్రాయిడ్ చాలా యాప్‌లను డెవలపర్ ఇచ్చిన ఫైలుతో కాక, సోర్స్ నుంచి తానే స్వయంగా తయారుచేసి ఇవ్వడం ఎందుకు విలువైనదో నాకు ఆ వారంలోనే బాగా అర్థమైంది.

అలాగని మూసిన కోడే నయమని కాదు. ఫ్రాయిండ్ అనుమానం తీర్చుకోగలిగింది చదవడానికి కోడ్ ఉండబట్టే. నా కోరిక ఒక్కటే, మీరు రోజూ వాడే చిన్న ఓపెన్ సోర్స్ యాప్‌ను ఒంటరిగా నడుపుతున్న మనిషికి వీలైతే కొంత డబ్బు పంపండి. కోడ్ రాయడం రాకపోతే ఒక లోపం నివేదించండి, అనువాదంలో చెయ్యి వేయండి.

అపోహ: బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రాము) తాళం తెరిచి కొత్త సిస్టమ్ వేశాక ఫోన్ మునుపటికంటే భద్రం.

గోప్యత పెరుగుతుంది, భద్రత తగ్గొచ్చు. ఈ రెండూ ఒకటి కావు. తాళం వేసిన బూట్‌లోడర్, ఫోన్ ఆన్ అయిన ప్రతిసారీ సిస్టమ్ మీద సంతకం సరిచూస్తుంది. తెరిచి వదిలేస్తే ఆ కాపలా ఉండదు. ఫోన్ కాసేపు ఎవరి చేతికైనా చిక్కితే చాలు, సిస్టమ్‌ను మార్చి మీ జేబులో మళ్లీ పెట్టేయొచ్చు. పిక్సెల్ ఫోన్లలో గ్రాఫీన్ ఓఎస్ వేశాక దాని సొంత సంతకంతో మళ్లీ తాళం వేసుకోవచ్చు. చాలా ఫోన్లలో ఈ సౌకర్యం లేదు. తెలియక తాళం వేస్తే ఫోన్ అసలు లేవకపోవచ్చు, అందుకే మీ మోడల్ సూచనల్లో ఉంటే తప్ప ఆ ఆదేశం ఇవ్వకండి.

ఇంకొకటి. పాత ఫోన్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ ఈ నెలదే కనిపించవచ్చు. కానీ మోడెమ్ ఫర్మ్‌వేర్ (నెట్‌వర్క్ చిప్ లోపలి సాఫ్ట్‌వేర్), చిప్ డ్రైవర్లు తయారీ కంపెనీ ఆపేసిన రోజు దగ్గరే ఆగిపోయి ఉంటాయి. వాటిని కస్టమ్ రోమ్ చేసేవాళ్లు బాగుచేయలేరు. అయినా పాత ఫోన్‌కు ప్రాణం పోయడం మంచిదే అంటాను, ఎందుకంటే ఒక ఫోన్ వల్ల భూమి మీద పడే భారంలో సింహభాగం దాని తయారీలోనే పడిపోతుంది. కానీ ఆ ఫోన్ ఎవరి చేతికి ఇస్తున్నామో చూసుకోవాలి. పాటలకు, పుస్తకాలకు, దారి చూసుకోవడానికి హాయిగా వాడొచ్చు. ప్రమాదంలో ఉన్న విలేకరికి మాత్రం ఇవ్వను.

అపోహ: నిజమైన స్వేచ్ఛ కావాలంటే లినక్స్ ఫోనే (ఆండ్రాయిడ్ కాక, కంప్యూటర్లలో ఉండే లాంటి లినక్స్‌తో నడిచేది) కొనాలి.

ఓపెన్‌మోకో అనే ప్రాజెక్టు మొదలుపెట్టిన ఈ కలను పైన్‌ఫోన్, లిబ్రెమ్ 5 అనే ఫోన్లు, పోస్ట్‌మార్కెట్ ఓఎస్ అనే సిస్టమ్ ముందుకు తీసుకెళ్తున్నాయి. నాకు వాటిమీద ఎంతో గౌరవం. కానీ బ్యాటరీ, కెమెరా, యాప్‌ల విషయంలో చాలా ఓపిక కావాలి. పైగా వాటిలోనూ మోడెమ్ లోపలి ఫర్మ్‌వేర్ మూసినదే. కుతూహలం ఉన్నవారు రెండో ఫోన్‌గా తీసుకోండి.

అపోహ: మీటల ఫోన్‌కు మారితే ఎవరూ కనిపెట్టలేరు.

మీటల ఫోన్ మీ ధ్యాసను కాపాడుతుంది, రహస్యాన్ని కాపాడదు. ఎస్‌ఎంఎస్‌కు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎన్‌క్రిప్షన్ ఉండదు, నెట్‌వర్క్ సంస్థ దాన్ని చదవగలదు. ఏ ఫోనైనా టవర్‌కు తగులుకుని ఉన్నంతసేపు మీరు ఏ ప్రాంతంలో ఉన్నారో ఆ సంస్థకు తెలుస్తుంది. సిగ్నల్ అనే, ఆ ఎన్‌క్రిప్షన్ ఉన్న మెసేజింగ్ యాప్‌లో మాట్లాడే ఇద్దరు మీటల ఫోన్లకు మారి ఎస్‌ఎంఎస్‌లు పంపుకోవడం మొదలుపెడితే, గోప్యత విషయంలో వెనక్కి నడిచినట్టే. చేతికి విశ్రాంతి కావాలా, రహస్యం కావాలా? ముందు అది తేల్చుకోండి.

అపోహ: మారితే ఒక్కసారిగా పూర్తిగా మారాలి.

ఈ తప్పు నేనే చేశాను. పని మొదలుపెట్టిన కొత్తలో మా పిన్ని ఫోన్‌లో ఒక్క రాత్రిలో అన్నీ మార్చేశాను. తెల్లారేసరికి బ్యాంకు యాప్ తెరుచుకోలేదు. అలాంటి యాప్‌లు ఈ ఫోన్ కంపెనీ ఇచ్చిన స్థితిలోనే ఉందా అని గూగుల్‌ను అడిగి, కాదంటే తప్పుకుంటాయి. మెసేజ్‌లు గంటలు ఆలస్యంగా వచ్చేవి. "నాకేం వచ్చురా ఇవన్నీ, ఎప్పటిలా చేసిపెట్టు" అంది పిన్ని. చేసిపెట్టాను. ఆమె ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తనివ్వలేదు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నా తొందరది.

ఇప్పుడు వచ్చినవారి సిస్టమ్ జోలికి మొదటి నెల పోను. ఉన్న ఫోన్‌లోనే బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ చేస్తాం. మ్యాపులకు, అందరూ కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ఆర్గానిక్ మ్యాప్స్ పెడతాం, ఇంటర్నెట్ లేకుండానే దారి చూపుతుంది. మనుషులు పంపినవి తప్ప మిగతా నోటిఫికేషన్లన్నీ ఆపేస్తాం. ఎంత లాగినా తరగని పేజీల యాప్‌లు తీసేసి, అవసరమైతే బ్రౌజర్‌లో తెరుచుకోమంటాను. లాగిన్ అవ్వాల్సిన ఆ చిన్న అడ్డు చాలామందికి సరిపోతుంది. అలారానికి వేరే గడియారం, రాత్రి ఫోన్‌కు వేరే గది. ఇంతవరకు చేసి, ఇక చాలు అని వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. వాళ్ల ఫోన్ విప్పాల్సిన అవసరం నాకు రాలేదు, అదే నాకు సంతోషం.

మిగిలినవారికి, బూట్‌లోడర్ తెరిచిన క్షణం ఫోన్‌లోవన్నీ చెరిగిపోతాయి. ఫొటోలు అందరూ దాచుకుంటారు. మరిచిపోయేవి రెండు: రెండో దశ లాగిన్ కోడ్‌లు ఇచ్చే యాప్‌లోని రహస్య కీలు, సిగ్నల్ బ్యాకప్ తెరవడానికి అది ఇచ్చే పొడవాటి కీ. మొదటివాటిని ఏజిస్ లాంటి యాప్‌లోకి మార్చి ఎగుమతి చేసుకోండి. రెండోది కాగితం మీద రాసుకోండి. ఆ రెండూ టేబుల్ మీద కనిపించేదాకా నేను కేబుల్ తగిలించను.