రెండు కప్పుల మైదా అంటే ఎంత? వంట కొలతల మీద అపోహలు - వాస్తవాలు

బేకింగ్ క్లాసులు చెబుతుంటాను. కేక్ పాడైందని ఎవరైనా టెన్షన్‌గా ఫోన్ చేస్తే ముందు నేనడిగేది రెండే: ఏ కప్పుతో కొలిచారు, రెసిపీ ఏ దేశంవాళ్ళది? చాలావరకు సంగతి అక్కడే తేలిపోతుంది.

అపోహ: కప్పు ఎక్కడైనా కప్పే.
వాస్తవం: అమెరికా రెసిపీలో కప్పు అంటే సుమారు 240 మి.లీ. ఆస్ట్రేలియాలో 250, జపాన్‌లో 200. రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మాత్రమే. అది జపాన్‌లో బియ్యం కొలిచే ‘గో’ అనే పాత కొలత. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఈ కప్పుతోనే. అమెరికాలో ఉండే ఒకమ్మాయి ఆన్‌లైన్ క్లాసులో కేక్ ముక్క కోసి చూపించింది. వేలితో నొక్కితే రబ్బరులా పైకి లేస్తోంది, గుడ్డు వాసన కూడా వస్తోందంది. ‘కొలిచిన కప్పు చూపించమ్మా’ అంటే కుక్కర్ కప్పు ఎత్తి చూపింది. రెండు కప్పులకి 240 గ్రాముల మైదా పడాల్సిన చోట 180 పడింది. గుడ్లు మాత్రం రెసిపీలో ఉన్నట్టే నాలుగూ వేసింది.

అపోహ: అన్నీ ఒకే గిన్నెతో కొలిస్తే చాలు.
వాస్తవం: మన వంటలకి ఇది నిజమే. సోలతో కొలిచినా, స్టీలు గ్లాసుతో కొలిచినా ఒక పాలు మినప్పప్పుకి రెండు పాళ్ళు ఇడ్లీ రవ్వ అన్న లెక్క చెడదు. కేకు దగ్గరికొచ్చేసరికి గుడ్లు లెక్కపెట్టి వేస్తాం, బేకింగ్ పౌడర్ స్పూనుతో వేస్తాం. కప్పు చిన్నదైతే అవి వాటంతటవి తగ్గవు.

అపోహ: 240 మి.లీ. కప్పులో 240 గ్రాములు పడతాయి.
వాస్తవం: ఆ లెక్క నీళ్ళకే సరిపోతుంది. అమెరికా కప్పులో పంచదార 200 గ్రాములు, వెన్న 227, మైదా 120 నుంచి 125. మైదాతో ఇంకో చిక్కుంది. క్లాసులో అందరి ముందూ ఒకే కప్పుతో రెండుసార్లు కొలుస్తాను. స్పూనుతో వదులుగా నింపి, చాకు వీపుతో పైన చదును చేస్తే కాటా 122 చూపిస్తుంది. అదే కప్పుని డబ్బాలో ముంచి, అంచుకి అదిమి తీస్తే 150 దాటుతుంది. మూడు కప్పుల రెసిపీలో 80 గ్రాములకు పైగా తేడా! ఆ కేకు పొడిబారక ఏమవుతుంది? అందుకే గ్రాముల్లో ఉన్న రెసిపీనే వెతుక్కోమంటాను.

అపోహ: టేబుల్ స్పూన్ ఎక్కడైనా 15 మి.లీ.
వాస్తవం: ఆస్ట్రేలియాలో 20. టీస్పూన్ మాత్రం అక్కడా ఇక్కడా 5.

అపోహ: 350 డిగ్రీలంటే మన ఓవెన్ సరిపోదు.
వాస్తవం: అది ఫారన్‌హీట్. మన ఓవెన్ మీద 175 - 180 సెల్సియస్. ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే ఇంకో 20 తగ్గించండి. పాత బ్రిటిష్ రెసిపీల్లో ‘గ్యాస్ మార్క్ 4’ అన్నా ఇదే వేడి.

అపోహ: స్పూను ఉప్పు ఏ ఉప్పైనా ఒకటే.
వాస్తవం: టీస్పూన్ సన్న ఉప్పు సుమారు 6 గ్రాములు. అమెరికా రెసిపీల్లో కనిపించే కోషర్ ఉప్పు రేకుల్లా ఉంటుంది, మధ్యలో ఖాళీలెక్కువ. కొన్ని రకాలైతే అదే స్పూనులో సగం బరువే తూగుతాయి. వాళ్ళ కొలతకి మన ఉప్పు వేస్తే కూర నోట పెట్టలేం. విదేశాల్లో ఆవకాయ పెట్టేవాళ్ళకి దీనికి తలకిందులైన కష్టం. ‘ఎన్ని కప్పుల ఉప్పమ్మా’ అని ఫోన్లో అడుగుతారు. అమ్మ చెప్పేది దంచిన కల్లుప్పు లెక్క, అక్కడ జాడీలో పడేది రేకుల ఉప్పు. ఉప్పు చాలని ఆవకాయకి బూజు పడుతుంది. అడిగేటప్పుడే ఆ కప్పు ఉప్పుని ఒకసారి కాటా మీద పెట్టి, గ్రాముల్లో చెప్పమనండి.