గోడ అవతలే మెట్రో, నడిస్తే కిలోమీటరు పైనే

మియాపూర్ వైపు మా ఫ్లాటు మూడో అంతస్తులో ఉంటుంది. బాల్కనీలో నిలబడితే మెట్రో స్టేషన్ పైకప్పు కనిపిస్తుంది, ఫోన్‌లో మ్యాప్ మీద గీత గీసి చూస్తే 380 మీటర్లు. ఫ్లాటు కొన్నప్పుడు మాకు చెప్పిన మాట కూడా అదే, "మెట్రోకి అయిదు నిమిషాలు". కానీ మా వీధి చివర ఒక పెద్ద గేటెడ్ కాలనీ కాంపౌండ్ వాల్ అడ్డంగా ఉంది, దాని పక్కనే నాలా. మొన్నమొన్నటిదాకా ఆ గోడ చుట్టూ తిరిగి, మెయిన్ రోడ్డెక్కి, యూటర్న్ దగ్గర రోడ్డు దాటి వెళ్ళేసరికి 1150 మీటర్లు అయ్యేది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆవిడ నడకలో ఇది ఇరవై నిమిషాలు పట్టేది. అందుకే ఇంట్లో అందరూ మెట్రో దాకా కూడా ఆటోలోనో బండి మీదో వెళ్ళేవాళ్ళు.

గీత గీస్తే వచ్చే దూరానికీ, కాళ్ళతో నడవాల్సిన దూరానికీ ఉన్న ఈ తేడాని కొలవడం చాలా తేలిక. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే చాలు. నేను దాన్ని చుట్టుదారి లెక్క అంటాను. అప్పట్లో మా ఇంటికి అది 3. అడ్డంగా నిలువుగా గళ్ళు గళ్ళుగా వీధులున్న ఊళ్ళో ఈ సంఖ్య మహా అయితే 1.41 దాకా వెళ్తుంది, అదీ సరిగ్గా మూలకి వెళ్ళాల్సి వస్తేనే. అన్ని దిక్కులూ కలిపి సగటు తీస్తే సుమారు 1.27. స్కూల్లో చదువుకున్న లంబకోణ త్రిభుజమే ఇది, రెండు భుజాల మొత్తం కర్ణం కంటే ఎంత ఎక్కువో చూడడమే.

అసలు సంగతి దూరం కాదు, విస్తీర్ణం. స్టేషన్ నుంచి 500 మీటర్లు నడవడానికి జనం సిద్ధంగా ఉన్నారనుకుందాం. ఏ దిక్కుకైనా నేరుగా నడవగలిగితే స్టేషన్ చుట్టూ ఆ వృత్తంలో 78 హెక్టార్లు పడతాయి. గళ్ళ వీధులైతే వృత్తం కాస్తా డైమండ్ ఆకారంలోకి మారి 50 హెక్టార్లు అవుతుంది. అన్ని వైపులా మా వీధిలాగే 3 రెట్లు చుట్టు తిరగాల్సి వస్తే మిగిలేది 9 హెక్టార్ల లోపే. హెక్టారుకి వంద ఫ్లాట్లు చొప్పున వేసుకోండి, మన కాలనీల్లో అదేమీ ఎక్కువ కాదు: 7800 ఇళ్ళకి అందాల్సిన స్టేషన్ 900 ఇళ్ళకి కూడా అందదు. దారి మూడింతలైతే అందే నేల తొమ్మిదో వంతుకి పడిపోతుంది. స్టేషన్ అదే, రైలు అదే, మధ్యలో ఒక గోడ.

ఇప్పుడు బిల్డింగుల సంగతి. హైదరాబాద్‌లో కొండాపూర్, మణికొండ, నిజాంపేట, ఉప్పల్ ఎటు వెళ్ళినా ఎక్కువగా కనబడేది ముప్పై అంతస్తుల టవర్లు కావు, కింద పార్కింగ్, పైన అయిదు అంతస్తులు ఉండే స్టిల్ట్ ప్లస్ ఫైవ్ అపార్ట్‌మెంట్లే. ఒక వీధిలో 500 గజాల ప్లాట్లు ఇరవై ఉన్నాయనుకోండి. ఇండిపెండెంట్ ఇళ్ళున్న రోజుల్లో ఇంటికి అయిదుగురు చొప్పున వందమంది. అంతస్తుకి రెండు ఫ్లాట్లు కడితే అదే వీధిలో రెండువందల కుటుంబాలు, ఎనిమిది వందలమంది. వీధి మాత్రం ఆ ముప్పై అడుగులే.

చాలామంది ఇది చూసి ఇంత ఇరుకు ఎందుకని తిట్టుకుంటారు. నాకు మాత్రం ఇలాంటి మధ్యస్థం ఎత్తు కట్టడాలే నచ్చుతాయి, ఎందుకంటే ఎనిమిది వందలమంది ఉన్న వీధిలో కిరాణా కొట్టు, మందుల షాపు, టిఫిన్ సెంటర్, ఇస్త్రీ బండి అన్నీ కాలినడక దూరంలోనే బతకగలుగుతాయి. లిఫ్ట్ పాడైనా పైవాళ్ళు మెట్లు దిగి రాగలుగుతారు. నాలుగో అంతస్తు నుంచి పిలిస్తే కిందున్న పిల్లాడికి వినిపిస్తుంది. నడవడానికి కావాల్సినంత జనాన్ని ఈ బిల్డింగులు తెచ్చిపెట్టాయి. నడిచే దారిని మాత్రం ఎవరూ తేలేదు.

మా వీధిలోనే చూడండి. ప్రతి బిల్డింగుకీ కార్లు లోపలికి ఎక్కడానికి ర్యాంప్ ఉంది, ఆ ర్యాంప్ గేటు దగ్గర ఆగకుండా రోడ్డు మీదకి అడుగున్నరో రెండడుగులో పొడుచుకొచ్చింది. ఒకదాని ఎత్తు ఇంకోదానికి లేదు. రెండు ర్యాంపుల మధ్య బైకులు, ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన ఎవరో ఇల్లు కట్టినప్పుడు మిగిలి గట్టిపడిపోయిన కాంక్రీట్ కుప్ప. అమ్మ పక్కగా నడవడం ఎప్పుడో మానేసి రోడ్డు మధ్యలోకి వచ్చేసింది, వెనక హారన్ వినబడితే ఆగిపోతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల కోసం రాసిన ఐఆర్‌సీ 103 ప్రకారం ఫుట్‌పాత్ మీద ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. ఇద్దరు పక్కపక్కన నడవడానికీ, వీల్‌చైర్ పోవడానికీ సరిపోయే కొలత అది. ముప్పై అడుగులంటే 9 మీటర్లు, ఒక పక్కన 1.8 తీసినా ఇంకా 7 మీటర్లు మిగులుతుంది. చోటు ఉంది.

ఎండ కూడా దారిలో భాగమే, మన దగ్గర మరీను. టొరంటోలో రోడ్ల వెంబడి ఇలాంటి మధ్యస్థం ఎత్తు బిల్డింగుల కోసం 2010లో చేసిన అధ్యయనంలో, బిల్డింగు ఎత్తు ముందున్న రోడ్డు వెడల్పుని మించకూడదనీ, మార్చి నుంచి సెప్టెంబర్ దాకా ఫుట్‌పాత్ మీద కనీసం 5 గంటలు ఎండ పడాలనీ పెట్టుకున్నారు. చలిదేశం, వాళ్ళకి ఎండ కావాలి. మనకి కావాల్సింది నీడ. ఏప్రిల్ చివర్లో హైదరాబాద్‌లో ఉదయం తొమ్మిదింటికి సూర్యుడు సుమారు 43 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, 18 మీటర్ల బిల్డింగు నీడ దాదాపు 19 మీటర్లు పడుతుంది, ఉత్తర దక్షిణాలుగా ఉన్న వీధి మొత్తం చల్లగా ఉంటుంది. పదకొండింటికి ఆ నీడ 6 మీటర్లకి తగ్గి, అందులో మూడో వంతో సగమో కాంపౌండ్ లోపలే అయిపోతుంది. మే 9 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు కాబట్టి ఎంత పెద్ద బిల్డింగుకైనా నీడ ఉండదు. తూర్పు పడమరలుగా ఉన్న వీధికైతే ఎండాకాలంలో రోజంతా ఎండే, సూర్యుడు వీధి వెంటే నడుస్తాడు. అలాంటి చోట చెట్టు తప్ప వేరే దారి లేదు. కానుగ చెట్టు ఒకటి చాలు, దాని కింద నిలబడి చూడండి.

దారులు కలపడం మన ఊరికి తెలియని విద్యేమీ కాదు. 2020 నుంచి నగరంలో మిస్సింగ్ లింక్ రోడ్లని, అంటే మధ్యలో తెగిపోయిన దారుల్ని కలిపే రోడ్లని, చాలాచోట్ల వేశారు, అవి ఎక్కువగా బండ్ల కోసం. ఉప్పల్ కూడలిలో 2023లో 660 మీటర్ల స్కైవాక్ తెరిచారు, అది అక్కడ నిజంగా అవసరం, ఆ కూడలి కింద నుంచి దాటినవాళ్ళకి తెలుసు. 2012 నాటి భవన నిర్మాణ నియమాలు, అంటే జీవో 168 కూడా, గేటెడ్ సముదాయం కట్టేటప్పుడు అంచున వేరే రోడ్డు లేకపోతే లోపలి స్థలాలకి వెళ్ళడానికి ఒక పక్కన 9 మీటర్ల పబ్లిక్ దారి వదలమంటుంది. మాలాంటి వీధులకి అంత కూడా అక్కర్లేదు. గోడలో ఒక మనిషి పట్టే గేటు, నాలా మీద రెండు మీటర్ల వెడల్పు కాలిబాట వంతెన ఉంటే చాలు.

మా గోడకి నిజానికి ఒకప్పుడు దారి ఉండేది. నాలా సన్నబడేచోట స్లాబులు వేసి ఉన్నాయి, వాటి ఎదురుగా ఎవరో నాలుగు ఇటుకలు తీసి, కింద సిమెంటు బస్తా మెట్టులా పెట్టారు. పొద్దున పనివాళ్ళు, కాలేజీ పిల్లలు, ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు అందరూ అక్కడినుంచే. ఒకరోజు వెళ్ళేసరికి కొత్త ఇటుకలు, పైన గాజుపెంకులు. "గిటు దారి బంద్ జేసిన్రమ్మా, చుట్టు తిరిగి పోండ్రి" అన్నాడు అవతలి వాచ్‌మన్. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది, అంతకుముందు రెండు సైకిళ్ళు పోయాయట. కానీ రోజూ వందమంది తిరిగే చోట కళ్ళు ఎక్కువ, ఎవరూ తిరగని గోడ వెనకే చీకటి ఎక్కువ.

మా వీధి అసోసియేషన్లు మూడు కలిసి ఆ కాలనీవాళ్ళతో ఏడాది పాటు మాట్లాడాయి. లైటూ, కెమెరా ఖర్చు మేం పెట్టుకున్నాం, వాచ్‌మన్ జీతంలో వంతు ఇస్తున్నాం. మొన్న సంక్రాంతి తర్వాత ఇనుప గేటు పెట్టారు, పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా. మొదటి రోజు నేను టైం చూసుకుంటూ అమ్మతో బయల్దేరాను. గేటు దాటాక కానుగ చెట్టు కింద అమ్మ రెండు నిమిషాలు కూర్చుంది, అది కూడా కలుపుకుని స్టేషన్ మెట్ల దగ్గరకి పది నిమిషాలు పట్టింది.